ఇనుప రజను

కాలిన రాగితీగ వాసన తగిలితే నాకు ఆకలి చచ్చిపోతుంది. నంద్యాలలోని నా దుకాణానికి రిమోట్ కార్ల మోటార్లు మాడిపోయి వస్తుంటాయి. పెద్దవాళ్లు పందేలాడే కార్లవి, బొమ్మలంటే నొచ్చుకుంటారు. నిన్న అన్నం గిన్నె మూత తీయబోతుండగా ఒకటి వచ్చింది. ఆ వాసనతో పాటే ఆళ్లగడ్డ ఓబులేసన్నా వచ్చాడు. దయ్యమై కాదు; అంత తీరిక ఆయనకు బతికుండగానే లేదు.

ఓబులేసన్న మొదట శిల్పి. భుజం దెబ్బతిని సుత్తి ఎత్తలేకపోయాక, తమ్ముడి శిల్పాల షెడ్డులోనే ఒక మూల బల్ల వేసుకుని ఈ కార్ల మోటార్లు, చక్రాలు సరిచేసేవాడు. నేను డిప్లొమా పుచ్చుకుని పని నేర్చుకోవడానికి వెళ్లిన తొలిరోజున, ఆయన ఒక చక్రాన్ని సూదికి గుచ్చి తిప్పి వదిలాడు. అది ఆగాక బరువెక్కువై కిందికి వచ్చిన వైపు సుద్దతో గీత పెట్టి, అక్కడ రుద్దమన్నాడు. మళ్లీ తిప్పాడు, మళ్లీ రుద్దమన్నాడు. మధ్యాహ్నమైంది.

"ఎప్పుడైపోతాదన్నా ఇది?"

"యాడ ఆగాల్నో దానికే తెలీకూడదు. అప్పుడైనట్ల."

"నా డిప్లొమా మాదిరేనా?"

"చక్రం నయంలేప్పా. తిప్పితే తిరుగుతాది."

ఆ షెడ్డులో ఉలులకు సాన పడుతుంటే ఇనుప రజను లేస్తూనే ఉండేది. మోటారు లోపల ఉండేవి అయస్కాంతాలు. రజను వాటికి చుట్టం లాంటిది, పిలవకపోయినా వస్తుంది. అందుకే ఏ మోటారు విప్పాలన్నా ఓబులేసన్న ముందు సాన ఆపించేవాడు. పాత స్పీకరు అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి బల్లంతా తిప్పేవాడు; పడి ఉన్న రజను సంచికి అంటుకొచ్చేది. తర్వాత తడిగుడ్డ పరిచేవాడు.

"సాంబ్రాణి కూడా ఎయ్యమంటావా?" అన్నానొకసారి.

"నువ్వు నోరు మూసుకుంటే సాలు."

నంద్యాలలో ఈ కార్ల పందేల క్లబ్బు పెద్ద సుధాకర్ తన కారు మోటారు పంపాడు. దాన్ని సరిచేసి, మూసి పెట్టి, ఓబులేసన్న టీకి వెళ్లాడు. లోపలి స్ప్రింగు ఇంకొక చుట్టు బిగిస్తే వేగం పెరుగుతుందని నాకు తోచింది. విప్పాను. తడిగుడ్డ లేదు. పక్కనే సాన తిరుగుతోంది. బిగించి మూసేశాను. చాలా గర్వపడ్డాను కూడా.

మర్నాడు మోటారు తీసుకుని నంద్యాల వెళ్లింది నేనే. పందెంలో రెండో చుట్టుకే పొగ వచ్చింది. సుధాకర్ అక్కడికక్కడే విప్పాడు. అయస్కాంతాలకు నల్లగా గడ్డం మొలిచినట్టు రజను.

"ఏందప్పా ఇది? మీ అన్న లోపల చూడనే లేదా?"

అందరూ నా వైపు చూశారు. "నేనే" అంటే సరిపోయేది, రెండక్షరాలు. నేను జోకేశాను.

"యాడికి పోతాదన్నా అలవాటు? ఇగ్రహం చేసిచ్చినాడు. కదిల్తేనే తప్పు."

మైదానమంతా నవ్వింది. ఇప్పటికీ నా జోకుల్లో అదే గొప్పది.

ఆ జోకు నాకంటే ముందు బస్సెక్కి ఆళ్లగడ్డ చేరింది. ఓబులేసన్న ఆ మోటారును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఈ స్ప్రింగు ఎవురు బిగిచ్చినారప్పా?"

"క్లబ్బోళ్లే ఏమో."

ఆయన ఆ స్ప్రింగును ఒక చుట్టు వదులు చేశాడు. "ఇగ్రహం మాట బాగుండాదిలే," అన్నాడు. నవ్వలేదు.

నంద్యాల నుంచి మళ్లీ ఒక్క మోటారు కూడా ఆయన దగ్గరికి పోలేదు. కొన్నాళ్లకు ఆ బల్ల మీద విగ్రహాలకు మెరుగు పెట్టే సామాను చేరింది. ఓబులేసన్న తమ్ముడి కింద కూర్చుని రాళ్లు రుద్దాడు. పోయిన ఏడాది చనిపోయాడు. అంతదాకా ఆయనకు నిజం చెబుదామనే అనుకుంటూ వచ్చాను. నవ్వించేలా ఎలా చెప్పాలో తేలక ఆగాను.

నిన్న మోటారు తెచ్చిన కుర్రాడు, నేను సంచిలోని అయస్కాంతాన్ని బల్ల మీద తిప్పుతుంటే వింతగా చూశాడు.

"ఎవురు నేర్పిచ్చినారన్నా ఇది?"

"ఆళ్లగడ్డ ఓబులేసన్న."

"ఆ ఇగ్రహం చేసిచ్చినాయనా?"

"ఆ మోటారు ఇప్పి చెడగొట్టింది నేనేప్పా."

వాడు బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వాడు. "నీతో కష్టమన్నా! యాన్నుంచి తెస్తావ్ ఇట్లాంటివి?"

వాడి నవ్వు ఆగేదాకా ఉండి, బల్ల మీద అయస్కాంతాన్ని ఇంకొకసారి తిప్పాను. నా దుకాణంలో ఉలులు లేవు. సంచికి ఏమీ అంటలేదు.