పడుకుంటేనే కనిపించే బొమ్మలు

ఆడపిల్లల బడిలో డ్రాయింగు చెప్పే ఆవిడని పిల్లలు చాటుగా సున్నం టీచరు అనేవారు. సోమవారం క్లాసుకి వచ్చేసరికి ఆవిడ చెవుల వెనకో, జడ మొదట్లోనో కాస్త సున్నపు పొడి మిగిలి ఉండేది. ఆదివారాలన్నీ కూల్చబోయే పాత ఇళ్లలో గడిపేది మరి.

ఆ పిచ్చి అంటించింది వాళ్ల బావే. అక్క మొగుడు పాత ఇళ్లు పడగొట్టే కాంట్రాక్టరు. ఒకసారి ఎక్కడికో వెళ్తూ దారిలో మరదలిని కూడా ఒక ఖాళీ ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన పనివాళ్లతో మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ గదులన్నీ తిరిగింది. మెట్ల కమ్మీ పిల్లలు జారి జారి గాజులా నున్నబడింది. ఒక అలమారా లోపల చిన్న కాగితం అంటించి, ‘ఇది నాది, ముట్టుకోవద్దు’ అని ఎవరో వంకర అక్షరాలతో రాసుకున్నారు. మర్నాడు ఇవేవీ ఉండవని తెలిసి ఆవిడకి ఆ పూట అన్నం సహించలేదు. తర్వాతి ఆదివారం కాగితాలూ పెన్సిళ్లూ పట్టుకుని తనే బావ గుమ్మంలో నిలబడింది.

“తాళాలిస్తాను. పై అంతస్తులో మాత్రం చూసుకుని నడువు. నువ్వు పడితే మీ అక్క నన్ను పడగొడుతుంది” అన్నాడు బావ.

అక్కకి మాత్రం ఇది మొదటినుంచీ గిట్టలేదు. “మా ఇంటికి రమ్మంటే నీకు తీరిక ఉండదు. మనుషుల్లేని ఇళ్లకైతే పరుగెత్తుకుంటూ పోతావు” అనేది. ఆ మాటలో అబద్ధం లేదు. పెళ్లి కాలేదు, స్నేహితులు తక్కువ. ఖాళీ గదుల్లో ఆవిడని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

బావ దగ్గర పనిచేసే మేస్త్రి తాళం తీసి, తను ముందు నడిచి, పుచ్చిన చెక్కలు ఎక్కడున్నాయో చూపించేవాడు. వెళ్లేముందు ఆవిడ గీసిన బొమ్మలు తప్పకుండా చూసేవాడు. “నేను పడగొడుతుంటే మీరు మళ్లీ కడుతున్నారు టీచరమ్మా. మనిద్దరికీ పని తెగదు” అని నవ్వేవాడు. ఆవిడ ఏ ఇంట్లోంచీ పుల్లముక్క కూడా తెచ్చుకునేది కాదు. అలా ఏళ్లు గడిచాయి.

ఒకరోజు డాక్టరమ్మ ఇంటి వంతు వచ్చింది. ఆ డాక్టరమ్మ ఎప్పుడో పోయింది. పై అంతస్తులో పెద్ద గదిలో వరసగా మంచాలు వేసి, ఊళ్లో ఆడవాళ్లకి అక్కడే పురుళ్లు పోసేదట. టీచరు ఆ గదిలో కిటికీ గీస్తూ, నడుము పట్టేసి, కాసేపు నేలమీద వెల్లకిలా పడుకుంది. అప్పుడు కనిపించాయి. నిలబడి చూస్తే మసిబారిన మరకల్లా ఉన్నవి, పడుకుని చూస్తే బొమ్మలు. కప్పునిండా పూలపొద, పొదలో పిట్టలు, ఒక మూల కొమ్మమీంచి తల వంచి కిందికి చూస్తున్న పిల్లి. నొప్పులు పడే ఆడవాళ్లు చూడడానికి ఎవరో పనిగట్టుకుని వేసినవి.

మేస్త్రిని పిలిచి అతన్నీ పడుకోమంది. అతను మొహమాటపడుతూనే పడుకుని, చాలాసేపు లేవలేదు. “మా అమ్మ నన్ను ఇక్కడే కన్నదంట. ఈ పిల్లి సంగతి ఎప్పుడూ చెప్పలేదు” అన్నాడు.

టీచరు బావని బతిమాలింది. “నేను ఆపితే ఇంకొకడు వచ్చి కూలుస్తాడు. నీ పిల్లి కోసం నా పొట్ట కొట్టుకోనా?” అన్నాడాయన. దాంతో ఆవిడ ఆయనకి చెప్పకుండా పాత కట్టడాల శాఖ ఆఫీసుకి వెళ్లింది. అధికారి మర్యాదస్తుడు, వెంటనే వచ్చాడు. న్యూస్‌పేపరు పరుచుకుని తనూ పడుకుని చూశాడు. “ఇది పోకూడదండీ. సోమవారం నోటీసు ఇచ్చేస్తాం” అన్నాడు. ఆవిడ ఆ రోజు ఇంటికి గాలిలో తేలుతూ వచ్చింది.

ఆ ఆఫీసులోనే ఎవరో ఇంటి యజమానికి ఉప్పందించారు. యజమాని బావకి ఫోను చేశాడు. “నోటీసు వచ్చేలోపు నేల చదునైపోవాలి. కాదంటే నీ మొహం మళ్లీ నాకు చూపించకు.”

మామూలుగా అయితే అలాంటి ఇంటిని పైనుంచి విప్పుకుంటూ వస్తారు. ముందు పెంకులు, తర్వాత దూలాలు, ఆఖరికి గోడలు. శనివారం ఉదయం బావ అవేమీ చూడలేదు. మనుషులందరూ దిగారో లేదో కూడా అడక్కుండా కింది గోడకి మిషను పెట్టించాడు. మేస్త్రి పై గదిలో ఉన్నాడు. గది గదంతా అతనితోపాటు కిందికి వచ్చింది.

టీచరు ఆస్పత్రికి వెళ్లేసరికే డాక్టర్లు అతని కుడికాలు మోకాలి కింద తీసేశారు. అతను మత్తులో ఉన్నాడు. పక్కన కూర్చున్న అతని భార్య తల తిప్పి చూసింది.

“టీచరమ్మంటే మీరేనా?”

“నేనేనమ్మా.”

“పిల్లి బొమ్మ ఉన్న ముక్క పగలకుండా తీసి మీకిద్దామని ఎక్కాడంట. అంత బాగుంటుందా అమ్మా ఆ పిల్లి?”



రెండురోజుల తర్వాత బావా అక్కా కలిసి టీచరు ఇంటికి వచ్చారు. అప్పటికే పోలీసులు బావని పిలిపించారు. “నువ్వే తెమ్మన్నావని ఒక్క ముక్క చెప్పు. నీ మాటమీద ఎక్కాడంటే తప్పు నా నెత్తిన పడదు” అన్నాడు బావ.

“నేను అడగలేదు బావా. అలా చెప్తే అతనికి పైసా పరిహారం రాదు.”

“అడక్కపోతేనేం, ఎక్కింది నీ కోసమేగా?”

“ఆఫీసుకి వెళ్లి చెప్పింది నువ్వు. ఈ తొందరంతా తెచ్చిపెట్టింది నువ్వు. ఇప్పుడు మా దగ్గరికి వచ్చేసరికి నిజమే మాట్లాడతానంటున్నావా?” అంది అక్క.

టీచరు పోలీసులకి ఉన్నదున్నట్టు చెప్పింది. బావ కొన్ని నెలలు జైల్లో ఉండి వచ్చాడు. కాంట్రాక్టు లైసెన్సు పోయింది. అక్క మళ్లీ ఆవిడ గడప తొక్కలేదు, ఎదురుపడితే రోడ్డు దాటి అవతలికి వెళ్లేది. యజమాని మాత్రం కూల్చింది కాంట్రాక్టరని చెప్పి చేతులు దులుపుకున్నాడు. అధికారి అన్న మాట ప్రకారం సోమవారమే నోటీసు వచ్చింది. ఇల్లు లేదు కాబట్టి గేటు స్తంభానికి అంటించి వెళ్లారు. “మన ప్రయత్నం మనం చేశామండీ” అని ఆయన ఫోనులో అన్నాడు. ‘మన’ అన్న మాట ఆవిడకి చెంపదెబ్బలా తగిలింది.

పరిహారం కోర్టులో నలుగుతూనే ఉంది. టీచరు ప్రధానోపాధ్యాయురాలి కాళ్లావేళ్లా పడి మేస్త్రికి బడిలో కాపలా పని ఇప్పించింది. గేటు పక్కన అతనికొక కుర్చీ వేశారు. మధ్యాహ్నం అతని భార్య క్యారియరు తెచ్చేది. టీచరు కనిపిస్తే ఎవరూ లేనట్టే దాటిపోయేది.

మేస్త్రి ఆవిడని ఎన్నడూ ఒక్క మాట అనలేదు. పొద్దున్నే ఆవిడ రావడం చూసి, కర్ర చంకలో పెట్టుకుని, గేటు ఊచ పట్టుకుని, మెల్లగా లేచి నిలబడేవాడు.

“లేవకండి మేస్త్రిగారూ, మీకు దణ్ణం పెడతాను” అంది ఒకరోజు.

“ఫర్వాలేదు టీచరమ్మా, అలవాటైపోయింది” అన్నాడు, ఇంకా లేస్తూనే.

ఆ వారం నుంచి ఆవిడ బడికి వెనక గేటు గుండా రావడం మొదలుపెట్టింది. ఆ దారిన చుట్టు తిరుగుడు, వానొస్తే మోకాలి లోతు బురద. రిటైరయ్యేదాకా ఆవిడ ఆ దారినే నడిచింది.