చేపను చూడకుండా మందు

"మూత పెట్టరా. ముందు ఆ సీసాకి మూత పెట్టు!"

"అమ్మా, నీకు తెలియదు. అది తెల్లమచ్చ జబ్బు. రాగి మందే పొయ్యాలి. వీడియోలో చెప్పాడు."

"నువ్వు చూసింది చేపనా, వీడియోనా?"

"రెండూ ఒకటేలే."

"ఒకటే అయితే ఆ ఫోన్ మీదే పొయ్యి మందు."

ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి నల్లపాడులో మా ఇంటికి వచ్చి అప్పుడే చెప్పులు విప్పుతున్నాను. ముందు గదిలో మా అబ్బాయి ఉప్పునీళ్ళ చేపల తొట్టి ముందు నిలబడి, నీలం రంగు మందును మూతలోకి వంచుకుంటున్నాడు. సీసా మీద కొలతలున్నా చదవలేదు. పురుగుమందులాగా మూతెడు లెక్క.

ఆ తొట్టి అంటే నాకు మొదటి నుంచీ పడదు. గుంటూరు పక్కన కూర్చుని ఉప్పు పొట్లాలు కొని సముద్రం కలుపుకోవడం ఏం సరదా? కానీ అందులో రెండు క్లౌన్ చేపలున్నాయి, నారింజ రంగు మీద తెల్ల పట్టీలవి. శుక్రవారం నుంచి తిండి మానేశాయి. తెమ్మని మమ్మల్ని అవి అడగలేదు. ప్రాణమున్నవాటిని మనమే ఇంటికి తెచ్చుకుని, నిర్లక్ష్యంతో చంపుకుంటే నేను ఊరుకోలేను.

నా కోపం ఇవాళ్టిది కాదు. అద్దంకి దగ్గర రెండెకరాలు కౌలుకి చేసిన ఏడాది మిరప ముడుచుకుంది. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. దేని మందు దానిదే. మూడో తరగతితో బడి మానేసినదాన్నే అయినా, కూలికి వెళ్ళిన చేలల్లో అది నేర్చుకున్నాను. "ఆకు కోసుకుని వెళ్ళయ్యా" అని మా ఆయనకి చెప్పాను. "ముడతేగా, నోటితో చెప్పలేనా?" అని ఉత్త చేతులతో వెళ్ళాడు. మందుల కొట్టాయన మూడు రకాలు కలిపి ఇచ్చాడు. కొట్టిన వారానికి పూత రాలిపోయింది, పురుగు మాత్రం అలాగే ఉంది. ఇన్నేళ్ళ తరువాత కొడుకూ అదే పని చేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"టార్చి తీసుకురా. ఎదురుగా కాదు, పక్క నుంచి వెయ్యి."

వేశాడు. తెల్లమచ్చ అయితే ఒంటి మీద ఉప్పు చల్లినట్టు గింజలు గింజలుగా ఉండాలని ఆ వీడియోలోనే ఉందట. ఈ చేపల మీద గింజ ఒక్కటీ లేదు. గంజి మీద తెట్టు కట్టినట్టు జిగురు పొర. పెద్దదానికి తోక దగ్గర ఆ పొర ఊడి పీలికలుగా వేలాడుతోంది. రెండూ మొప్పలు ఎగరేస్తూ రొప్పుతున్నాయి.

"వీటిని అమ్మినాయనకి ఫోన్ చెయ్యి. స్పీకర్లో పెట్టు."

ఆయన మొదట అడిగిందే అది. "గింజలా, జిగురా సార్?"

"జిగురండి," అన్నాడు మావాడు నావైపు చూడకుండా.

"పొద్దున మచ్చలన్నారు కదండీ! జిగురైతే క్లౌన్లకి వచ్చే వేరే జబ్బు, రాగికి లొంగదు. అసలు ఆ తొట్టిలో రాగి పొయ్యకండి, రొయ్యలూ నత్తలూ పగడాలూ పోతాయి. చేపల్ని టబ్బులోకి తీసి ఫార్మలిన్ మందు కలిపిన నీళ్ళలో కాసేపు స్నానం చేయించాలి. ఇంకా ఆలస్యం చేస్తే దక్కవు."

ఫోన్ పెట్టగానే వాణ్ణి తగులుకున్నాను. "పొద్దున ఎందుకు అబద్ధం చెప్పావురా?"

"అబద్ధం కాదమ్మా. మచ్చలే అనుకున్నా."

"చూడకుండా అనుకోమని నీ బీఎస్సీలో చెప్పారా?"

వంటింట్లోంచి కోడలు, "అత్తయ్యా, మీ తిట్లకి జబ్బు తగ్గదు. ఆయన్ని బండి తియ్యనివ్వండి," అంది. ఆ మాటకీ కోపం వచ్చింది. సబబుగా ఉంది కాబట్టి బండి తాళాలు తెచ్చి వాడి చేతిలో పెట్టాను.

మావాడు గుంటూరు వెళ్ళి ఫార్మలిన్ తెచ్చేసరికి నాలుగయింది. టబ్బులో తొట్టి నీళ్ళే పోసి, గాలి గొట్టం వేసి, ఘాటుకి కిటికీలన్నీ తెరిచాం. వాడి చెయ్యి మళ్ళీ మూత మీదికే పోయింది. "సిరంజి!" అని అరిచాను. అమ్మినాయన చెప్పిన కొలతను కాగితం మీద రాయించి, రెండుసార్లు పైకి చదివించి, అప్పుడు పొయ్యనిచ్చాను. చేపల్ని అందులోకి దింపి, ఆయన చెప్పిన గడువు అయ్యేదాకా మావాడు గడియారం చూస్తూ కూర్చుని, తరువాత వాటిని మందు లేని ఇంకో టబ్బులోకి మార్చాడు. పక్కనే ఉన్నా వాడితో ఒక్క మంచి మాట అనలేదు.

సోమవారం పొద్దున పెద్దది టబ్బు అడుగున పక్కకి ఒరిగి చచ్చిపోయి ఉంది. మావాడు దాన్ని తీసి పెరట్లో పాతిపెట్టాడు. చిన్నదాని ఒంటి మీద పొర కొంత తగ్గింది, రొప్పు ఇంకా ఉంది. కోడలు గోరంత రొయ్య ముక్క వేస్తే, ఒకసారి ఉమ్మేసి, మళ్ళీ నోట పెట్టుకుని మింగింది.