బావ తినని పళ్లేలు

మా దిక్కు ‘అన్‌ఫిట్’ అంటే శుభవార్త. బయటోళ్ళకు చెప్తే నేను మళ్ళ కోతలు కోస్తున్న అనుకుంటరు. ఇది మాత్రం కోత కాదు. బొగ్గుబాయిల పనిచేసే మనిషిని కంపెనీ మెడికల్ బోర్డు డాక్టర్లు పరీక్ష చేసి, ఈయన ఇగ బాయి దిగలేడు అని రాసిస్తే దాన్నే మేం అన్‌ఫిట్ అంటం. ఆయన నౌకరి ఆయన కొడుక్కు వస్తది. ఆ దినం ఇంట్ల మిఠాయిలు పంచుతరు, యాట కోస్తరు, వచ్చినోళ్ళంత ఆ మనిషి చెయ్యి పట్టుకొని ముబారక్ అంటరు. ‘ఫిట్’ అని తిరిగొచ్చినోని ఇంటికి మాత్రం పరామర్శకు పోతం. "ఫిట్ అయిండట, పాపం" అని ఆడోళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటరు.

మా బావకు ఆ బోర్డు పిలుపు వచ్చేది ఉండె. బావ అంటే మా అక్క మొగడు. నస్పూరుల క్వార్టరు. రిటైరుకు దగ్గరపడ్డోళ్ళకు ఈ దారి మూసుకపోతది కాబట్టి ఆయనకు ఇదే ఆఖరి మౌక. కొడుకు ఇంజినీరింగ్ చదివి మంచిర్యాలల ఒక సెల్‌ఫోన్ల దుకాన్ల నిలబడుతుండె. తండ్రి అన్‌ఫిట్ అయితే వాడు నౌకరిదారుడు, పెండ్లిపిలగాడు. తండ్రి ఫిట్ అయితే ఆ దుకాన్లనే ముసలోడైతడు. ఆయాసం, ఛాతి నొప్పి అని అర్జీ రాసింది గూడ వాడే. "జర ఎక్కువనే రాసిన మామా, లేకపోతె నమ్మరు" అని నాతోటి అన్నడు. బాయిల చేసినోళ్ళు ఎవలు దగ్గరు? వాళ్ళ బాపు దగ్గు వానికి పుట్టినప్పటి నుంచి ఇంట్ల గోడగడియారం చప్పుడు లెక్క.

ఇంక పిలుపు రాకముందే బావ, "సముద్రం చూద్దాం పా బామ్మర్ది. ఓడెక్కుదాం" అన్నడు.

నా సంగతి గూడ చెప్పాలె. నేను గోదావరిఖనిల ఉంట. బాయి మీద ల్యాంపు రూముల డ్యూటీ. దిగేటోళ్ళకు నెత్తిల్యాంపులు ఇచ్చుడు, ఎక్కినంక తీసుకునుడు. అది కాయితం మీది డ్యూటీ. వరుసల నిలబడ్డోళ్ళకు కథలు చెప్పుడు అసలు డ్యూటీ. కమాన్‌పూర్ దిక్కు ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగు పెడితె మా ఇంట్ల పెనం మీది దోశ దానంతట అదే మర్లపడ్డదని చెప్పిన ఒకసారి. నమ్మిండ్రని అనను. మర్నాడు గూడ అడిగి చెప్పిచ్చుకున్నరు.

కెమెరా ఫోన్లు వచ్చినంక నా కథలకు సాక్ష్యం దొరికింది. యాడికి పోయినా ఏం తిన్నా ముందు ఫోటో, తర్వాత ముద్ద. అన్నీ మా షిఫ్టోళ్ళ ఫోన్ గ్రూపుల పెడ్త. ఫోటో నిజం, దాని కింద నేను రాసింది కథ. రెండు కలిసొస్తే జనం నమ్మాల్నా వద్దా తేల్చుకోలేక తన్లాడుతరు. అరకుల వెదురుబొంగు కోడి మాట్లాడింది, హంపిల ఇడ్లీని తూకానికి పెట్టిండ్రు. ఇసొంటియి.

రామగుండంల రైలెక్కి మద్రాసుల దిగినం. నేను, అక్క, బావ. మా ఇంటామెకు నీళ్ళ టాంకి చూసినా కండ్లు తిరుగుతయి, అందుకే రాలె. ఓడెక్కేది మరునాడు. స్టేషన్ దగ్గరి హోటల్ల కూసున్నమో లేదో బావ వెయిటరును పిలిచి బిర్యాని, చేప, పీతలు, అన్ని ఒక్కసారే చెప్పిండు. జీవితంల ఎప్పుడూ చాయ గూడ ధర అడిగినంకనే తాగిన మనిషి. అక్క బల్ల మీది నీళ్ళ గిలాసను అటు జరిపి ఇటు జరిపింది.

"తియ్యి" అన్నడు బావ, చెయ్యి పళ్లెంల పెట్టి. "నా మొకం పడాలె. పళ్లెం నిండుగ పడాలె."

"నవ్వు బావా."

"నవ్వుతున్నగదా. ఇంతకన్న నవ్వితే పండ్లూడుతయి."

తీసిన. ఫోన్ దించుతనే పళ్లెం నా దిక్కు జరిపిండు. "తిను."

"మరి నువ్వు?"

"నాకు పొద్దటి ఇడ్లీ అరగలె. తిను, సల్లారుతది."

బామ్మర్దికి బావ పీతల పళ్లెం జరుపుడు మా ఖాందాన్ల ఎన్నడు జరగలే. నాకు అప్పుడే అనుమానం రావాలె. రాలె, పీతలు బాగున్నయి. అక్క సంచిలకెల్లి ఫ్లాస్కు తీసి మూతల జావ పోసి బావకిచ్చింది. గోడ దిక్కు తిరిగి తాగిండు, చుక్క చుక్క మింగుకుంట, మందు తాగినట్టు. ఫోటో కింద నేను ఏం రాసినంటె, "మా బావ దెబ్బకు మద్రాసుల పీతలు సమ్మె నోటీసు ఇచ్చినయి." గ్రూపంత నవ్వులే.

మరునాడు ఓడ. మూడు దినాలు సముద్రంల తిప్పి మళ్ళ అక్కడనే దించుతరు. అది ఓడ గాదు, మా గోదావరిఖని చౌరస్తను లేపి నీళ్ళల పెట్టినట్టుంది. కాకపోతె దుకాన్ల బదులు అంత తిండే. ఓడ కదలకముందే బావ రొయ్యలు తెప్పిచ్చిండు. తట్టంత పళ్లెం, కుప్పగ ఎర్ర రొయ్యలు, దాని ఎనుక బావ మొకం, ఆ ఎనుక రేవు. అంత మంచి ఫోటో నేను మళ్ళ తియ్యలె. దాని కింద రాసిన: "లంగరు లేస్తలేదని కెప్టెన్ వచ్చి మా బావ కాళ్ళు పట్టుకున్నడు. బావ ఒంటిచేత్తోటి గుంజి పడేసిండు. దాని కూలి ఈ రొయ్యలు."

పంపిన. ఓడ కూత పెట్టింది. రేవు సన్నగైతున్నది, ఫోన్ల సిగ్నలు గీతలు గూడ ఒక్కొక్కటి పోతున్నయి. ఆఖరి గీత ఉండంగ రెండు మెసేజీలు పడ్డయి. ఒకటి గ్రూపుల, పేరు లేని నంబరు. "మీ బావ ఆరోగ్యం మంచిగున్నట్టుంది. బోర్డు ఎప్పుడు?" రెండోది మా అల్లుడు, బావ కొడుకు. "మామా, ఏం పని చేసినవ్? జల్ది తీసెయ్."

తీసేద్దామని ఏలు పెట్టిన. చక్రం తిరుగుతున్నది, తిరుగుతున్నది. సిగ్నలు పోయింది.

నా కథలు కథలని ఖనిల పసిపోరలకు గూడ ఎరుక. బోర్డుల కూసున్నోళ్ళకు ఎట్ల ఎరుక? వాళ్ళకు కనపడేది ఆయాసమని అర్జీ పెట్టుకున్న మనిషి, ఆయన ముంగట కొండంత రొయ్యలు, ఒంటిచేత్తోటి లంగరు. ఆ నంబరు ఎవలది? ఎవనికన్న బావంటె కడుపుమంటనా, ఉత్తగనే అడిగిండా? చుట్టూ నీళ్ళు. అడుగుదామంటె మనిషి లేడు, ఫోన్ లేదు.

బావకు చెప్పిన. ఫికర్ లేకుంట విన్నడు. "సరే. మధ్యాహ్నం ఏదో పెద్ద చేప ఉన్నదట, నడువ్."

"బావా, నీకు మెదడున్నదా? నీ నౌకరి సంగతి కాదు, పోరని బతుకు!"

"నడువంటున్నగదా."

నడిసినం. భోజనాల హాలుకు పొడుగు వరండా. గోడల మీద అక్కడక్కడ ఇంగ్లీషుల నోటీసులు, నిప్పంటుకుంటే ఎటు ఉరకాలె, ఎట్ల ఉరకాలె అని. బావ ప్రతి నోటీసు ముంగట నిలబడి చదువుతున్నడు. ఒకటి చదివి నాలుగడుగులు ఏసి ఇంకోటి. నేను ముందటికి పోయి ఎనుకకు వచ్చి, "ఏం రాసిండ్రు?" అని ఎక్కిరిచ్చిన. బావ ఒక చెయ్యి గోడకు ఆనిచ్చి, పెదవులు సున్న చుట్టి గాలి గుంజుతున్నడు. అప్పుడు యాదికొచ్చింది, మా బావకు ఇంగ్లీషు రాదు.

చేప వచ్చింది. తలకాయతోటి, తోకతోటి. బావ దాని పక్కన మొకం పెట్టి, "తియ్యి" అన్నడు. నా చెయ్యి లేవలె. అక్కనే నా ఫోన్ తీసుకొని నొక్కింది. మా అక్క ఎన్నడు ఫోటో తీసిన మనిషి కాదు, కని సక్కగనే తీసింది. పళ్లెం నా ముంగటికి జరిగింది. ఆ చేప కన్ను నా దిక్కే ఉన్నది. తిన్న. ఇసొంటి అబద్ధం నేను రాస్తే నమ్మకపోదురు గని, ఆ మూడు దినాల నేను ఇద్దరు మనుషుల తిండి తిన్న, ప్యాంటు గుండీ తెగింది.

తిన్నంక డెక్కు మీద ఎండల కుర్చీలేసుకొని కూసున్నం. అక్క రూముకు పోయింది. అప్పుడు చెప్పిండు. కరీంనగర్ల ఒక డాక్టరుకు చూపెట్టుకున్నరట, కంపెనీ దవాఖానకు తెల్వకుంట, కొడుక్కు తెల్వకుంట. "ఒక దిక్కు ఊపిరితిత్తి పనిచేస్తలేదట. రెండో దిక్కు గూడ అదే తొవ్వల ఉన్నదట. ముద్ద దిగుతలేదు. పండుకుంటే ఎవలో ఛాతి మీద కూసున్నట్టయితది. కూసొనే నిద్ర."

"పోరడు ఉత్త నటన అనుకుంటున్నడు గద బావా."

"అనుకోవాలె."

నేను మొకం చూసిన.

"అందరు అనరా," అన్నడు, మాట మాటకు ఆగుకుంట. "ఫలానోడు నటించి అన్‌ఫిట్ అయిండు అని చాయ హోటల్లల్ల నవ్వుకుంటరు గద. అట్లనే వాడు గూడ నవ్వుకోవాలె. మా బాపు తెలివిగల్లోడు, బోర్డునే బోల్తా కొట్టిచ్చిండు, ఓడెక్కి రొయ్యలు తిన్నడు అని. నేను ఖతమైతున్నందుకే నౌకరి వచ్చిందని తెలిస్తే వాడు ఆ బాయి ముంగట నిలబడతడా? మొదటి దినమే ల్యాంపు నీ మొకాన కొట్టి పోతడు."

"మరి ఆ ఫోటోలు చూసి బోర్డోళ్ళు ఫిట్ రాస్తే?"

బావ సముద్రం దిక్కు చూసిండు. "రాస్తరంటవా?" అని నవ్వబోయి దగ్గిండు. ఆ దగ్గు ఆగేదాక పక్క కుర్చీల తెల్లటోడు లేచి నిలబడే ఉన్నడు.

మద్రాసుల దిగంగనే ఫోన్ మోగుడు మొదలుపెట్టింది. ఆ ఫోటో తీసేసే గడువు దాటిపోయింది. దాటకున్నా ఫాయిదా లేకుండె, అది ఇతర బాయిల గ్రూపులకు పాకింది. ఎవడో "ఒంటిచేత్తో ఓడను ఆపిన కార్మికుడు" అని రాసి పంపిండు. లంగరును ఓడ చేసిండు! నన్ను మించినోడు. పేరు లేని నంబరుకు ఫోన్ చేసిన. మోగి మోగి ఆగింది. మర్నాడు చూస్తే ఆ నంబరు గ్రూపులకెల్లి ఎల్లిపోయి ఉన్నది. అల్లుడు మంచిర్యాల నుంచి క్వార్టరుకు వచ్చి నా కాలరు పట్టుకున్నంత పని చేసిండు. "అందరి బాపులు మూలిగి అన్‌ఫిట్ అయితరు, మా బాపు పీతలు తిని ఫిట్ అయితడు. నీ కథల పాడుగాను మామా!" వాడు అంటుంటే బావ పక్కన కూసొని మీసాలల్ల నవ్వుతున్నడు, చొక్క గుండీలు మెడ దాక పెట్టుకొని. ఆ చొక్కల ఇంకో మనిషి పట్టేంత జాగ ఉన్నది. వాని కండ్లకు అది కనపడ్తలేదు. ఫోన్ల పళ్లేలే కనపడుతున్నయి.

బోర్డు పిలుపు వచ్చింది. అల్లుడు, నేను తోడుపోయినం. అల్లుడు తొవ్వ పొడుగూత బాపుకు నేర్పుతనే ఉన్నడు. "నడుము వంచు. ఆగి ఆగి మాట్లాడు. ఊదుమంటే సగమే ఊదు." బావ మంచి విద్యార్థి లెక్క తల ఊపిండు.

తోడుకు ఒక్కరినే రానిస్తమన్నరు. బావ నన్ను రమ్మన్నడు. లోపల ఒక గొట్టం ఇచ్చి ఊదుమన్నరు. బావ నడుము వంచలె. ఉన్న బలమంత పెట్టి ఊదిండు, మెడ నరాలు తేలినయి. మిషిన్ల గీత లేవలె. "ఇంకోసారి." ఊదిండు. "ఇంకోసారి." డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసిండు. రెండో డాక్టరును పిలిచిండు. ఇద్దరు గొంతు తగ్గిచ్చి ఇంగ్లీషుల మాట్లాడుకున్నరు. నేను ఒకటే ప్రశ్న కోసం చూస్తున్న, ఆ రొయ్యల ఫోటో ఎప్పుడు బయటికి తీస్తరా అని. తియ్యలె. డాక్టరు బావ దిక్కు చూసుడు మానేసి నా దిక్కు చూసిండు.

"ఇంట్ల ఎవరెవరు ఉంటరు?" అని అడిగిండు మెల్లగ.

బయట అల్లుడు ఉరికొచ్చిండు. "అడిగిండ్రా? ఫోటో అడిగిండ్రా?"

బావ బెంచీ మీద కూలబడి, ఊపిరి దొరకబట్టుకున్నంక చెప్పిండు. "అడగకపోతరా? ఫోన్ల తీసి చూపెట్టిండ్రు. అయ్యా, మా బామ్మర్ది అబద్ధాలకోరు, ఖనిల ఎవల్నన్న అడుగుండ్రి అన్న. ఆడనే కింద పడి దగ్గిన. పెద్ద డాక్టరు భయపడి నీళ్ళు తాగిచ్చిండు."

"నమ్మిండ్రా?"

"మీ మామను అడుగు."

వాడు నా దిక్కు తిరిగిండు. నా జీవితంల ఎన్ని కథలు చెప్పిన్నో నాకే లెక్క లేదు. ఆ ఒక్కదానికి నాలుక లేవలె. తల ఊపిన.

కబురు రావడానికి ఎక్కువ దినాలు పట్టలె. అన్‌ఫిట్. నస్పూరు క్వార్టరు నిండ జనం. యాట కోసిండ్రు. వచ్చినోళ్ళంత బావ చెయ్యి పట్టుకొని ముబారక్ అంటున్నరు. అక్క లోపట్నే ఉన్నది, బయటికి రాలె. అల్లుడు కుర్చీ ఎక్కి, చుట్టూ దోస్తులను పెట్టుకొని, వాళ్ళ బాపు డాక్టర్ల ముంగట ఎట్ల పడ్డడో, ఎట్ల దగ్గిండో చేసి చూపెడుతున్నడు. దోస్తులు పొట్టలు పట్టుకొని నవ్వుతున్నరు.

ఆ నవ్వుల మధ్యల బావకు దగ్గు లేచింది. మొదలు చిన్నగ. తర్వాత కుర్చీ చేతులు పట్టుకొని ముందటికి వంగిండు. మొకం నల్లబడ్డది, నోరు తెరుచుకున్నది గని గాలి పోతలేదు.

అల్లుడు నవ్వుకుంటనే వచ్చి ఈపు మీద చరిచిండు.

"ఇగ చాలు తియ్ బాపు. కబురు వచ్చింది గద, ఇంక ఎవనికి చూపెడ్తవ్?"

బావ వంగినోడు వంగినట్టే ఒక చెయ్యి లేపి, అయిపోయింది, అయిపోయింది అన్నట్టు ఊపుతున్నడు. ఆపుదామని చూస్తున్నడు. అది ఆగుతలేదు.