నూట పదమూడో పొయ్యి

మా పిన్ని బడిలో లెక్కల టీచరు. జనాభా లెక్కల్లో మా మిల్లు వీధి ఆమె వంతుకు వచ్చింది. అంతకుముందు వచ్చిన మహానుభావులు గడప దాటకుండా తలుపులు లెక్కపెట్టి, నలభై కుటుంబాలని రాసుకుపోయేవారు. వెనక గదుల్లో ఉండేవాళ్లు ఏ కాగితంలోనూ లేరు. పిన్ని తిన్నగా లోపలికి వెళ్లి, వేరుగా వెలిగే ప్రతి పొయ్యినీ ఒక కుటుంబంగా రాసింది.

పై అధికారి మండిపడ్డాడు. "నలభై కాస్తా నూట పన్నెండు ఎలా అయిందమ్మా? ఈ కాకిలెక్కలేంటి?"

"కాకిలెక్కలు పాతవి సార్. రండి, చూపిస్తాను."

ఆయన పొగకు కళ్లు తుడుచుకుంటూ వీధంతా తిరిగాడు. పిన్ని చూడని ఇంకో పొయ్యి, మెట్ల కింద కుట్టుపని చేసుకునే ఆవిడది, ఆయన కంట పడింది. నూట పదమూడని దిద్ది సంతకం పెట్టాడు. ఆ ఒక్కటీ వదిలేసినందుకు పిన్నికి ఇప్పటికీ తలకొట్టేసినట్టుంటుంది.

ఆ లెక్కతో వార్డులు మళ్లీ గీశారు. పక్క వార్డుకు తోకలా వేలాడిన మా వీధికి సొంత వార్డు వచ్చింది. మున్సిపల్ ఎన్నికల్లో ఆ మెట్ల కింద ఆవిడే గెలిచింది.

తొలి సమావేశంలో అధ్యక్షుడు అడిగాడు. "మీరు ఎవరి తరఫునమ్మా?"

"నూట పదమూడు పొయ్యిల తరఫున," అందామె. "చివరిది నాదే."