నూట పది వోల్టుల గ్రైండరు

మా ఆయన్ని ఆఫీసువాళ్ళు పని మీద ఒక ఏడాది కెనడాలో ఉండమన్నారు. వెంట నేనూ వెళ్ళొచ్చన్నారు. ఆ మాట వినగానే నా మనసు పోయింది మంచు మీదికి కాదు, ఇడ్లీపిండి మీదికి. మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో మా అత్తగారింట కాలు పెట్టిన నాటి నుంచీ రోజు విడిచి రోజు ఇంటిల్లిపాదికీ పిండి రుబ్బేది నేనే. గ్రైండరు ముందు నిలబడి, అంచులకు అంటుకున్న పిండిని లోపలికి తోయడమే నా సాయంత్రం. కాస్త పక్కకు జరిగానో, "ఏమ్మే, పిండిని చూసుకునేది ఎవురు?" అని హాల్లోంచి అత్తయ్య కేక.

అందుకే అక్కడి కరెంటు నూట పది వోల్టులేనని, మనదాంట్లో సగమేనని తెలిసినప్పుడు నా సంతోషం ఇంతా అంతా కాదు. మన గ్రైండరుకు అక్కడి కరెంటు చాలదు, తిరగదు. అయ్యో అని మొహం పెట్టి, లోపల ఎగిరి గంతేశాను. ఏడాదంతా బ్రెడ్డు ముక్కలు తిని బతికేస్తాను గానీ పిండి జోలికి పోను.

మా అత్తయ్య అంత తేలిగ్గా వదిలే మనిషా? కొడుక్కి పొద్దున ఇడ్లీ లేకపోతే ఎట్లా? ఫారిన్ పోయేవాళ్ళ కోసమే నూట పది వోల్టుల గ్రైండర్లు మద్రాసులోనే అమ్ముతారని ఎవరో చెప్పారట. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని ఆ కొట్టుకు వెళ్ళింది. కొట్టాయన దాన్ని ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలించి తిప్పి చూపించాడు. రాళ్ళు తిరుగుతుంటే నా ఏడాది వాటి మధ్య నలుగుతున్నట్టే అనిపించింది. అట్టపెట్టె నా చేతికిస్తూ, "అమ్మా, దీన్ని ఈడ మన ప్లగ్గులో పెట్టొద్దు. మోటారు కాలిపోతాది," అన్నాడు. అప్పటికే అత్తయ్య మెట్లు దిగి ఆటో పిలుస్తోంది. విన్నది నేనొక్కదాన్నే.

రేపు ప్రయాణం అనగా అత్తయ్య గ్రైండరును పెట్టెలోంచి తీసింది. మా ఇంట్లో కొత్త యంత్రం ఏదొచ్చినా పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒకసారి తిప్పాల్సిందే. తిప్పందే గడప దాటనివ్వదు.

"రాహుకాలం పోయింది. ఆ బాక్సు ఇట్ల తీసకరా," అంది.

మా ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఏ దేశపు పిన్నయినా పడుతుంది. తెచ్చిచ్చాను. కొట్టాయన మాట మాత్రం చెప్పలేదు. స్విచ్చి వేస్తే పొగ వస్తుంది. ఇంకొకటి కొనే వ్యవధి లేదు. నేను చేయాల్సిందల్లా ఊరికే నిలబడడం. విడుదల నాకెప్పుడూ ఇంత దగ్గరగా రాలేదు.

అత్తయ్య పిన్ను గుచ్చింది. స్విచ్చి మీదికి పోతున్న ఆమె చేతిని అప్పుడు చూశాను. మోచేతి దాకా పసుపునీళ్ళు కారుతున్నాయి.

"వద్దత్తా! చెయ్యి తీ! కాలిపోతాది!"

చెయ్యి ఆగింది. "ఏంది కాలిపోయేది?"

ఇక దాచడానికేముంది? కొట్టాయన అన్నదంతా చెప్పేశాను. అత్తయ్య కొంగుతో చెయ్యి తుడుచుకుని నా తల నిమిరింది. "ఎంత జాగ్రత్తమ్మే నీకు! ఆడికి పోయినాక నువ్వే మొదట తిప్పు."

ఆ సాయంత్రం నా చీరలు నాలుగు తీసి పక్కన పెట్టి, గ్రైండరును నా సూట్‌కేసులోనే సర్దింది. మూత పడలేదు. నేనే దాని మీద కూర్చుని జిప్పు లాగాను.