తోడల్లుడి కంటే గట్టిగా

ఈ వీధి దర్జీ సొంతంగా ఆంప్లిఫయర్ చేసి మోగించిన రోజున మూడు వీధుల ఇళ్ల పెంకులు లేచిపోయాయని జనం చెప్పుకుంటారు. తోడల్లుడు చేసిన ఆంప్లిఫయర్‌ని అత్తగారు మెచ్చుకున్నప్పటి నుంచీ దర్జీకి కడుపులో కుంపటే. అంతకంటే గట్టిగా మోగించాలని పంతం పట్టాడు. తీరా ఆవిడ ముందు స్విచ్చి వేస్తే, పాట దోమ గుయ్‌మన్నట్టు వినిపించింది.

తోడల్లుడు వంగి చూసి నవ్వాడు.

"అన్నయ్యా, బట్ట తిరగేసి కుట్టినట్టు ట్రాన్సిస్టర్ కూడా తిరగేసి అతికించావేంటి?"

దాన్ని ఊడదీసి, ముఖం ఇటు తిప్పి టంకం పెట్టాడు. పాట గదంతా మోగింది.

"చిన్నల్లుడి చెయ్యి పడితే చాలు!" అంది అత్తగారు.

పెంకుల సంగతి ఎవరడిగినా దర్జీ కత్తెర దించకుండానే చెబుతాడు:

"పెంకులూ లేవలేదు, పాడూ లేదు. మోగింది. మోగించింది వాడు."