గీత మందం

మొన్న ఏలూరులో పుస్తకాల కొట్టు గోడకు కాంటూరు పటం చూడగానే, కైకలూరు దగ్గర మా చేపల చెరువు గుర్తొచ్చింది.

ఐదో కాంటూరు అనే ఎత్తు గీత లోపలున్న చెరువులన్నీ కొల్లేరు సరస్సువేనని ప్రభుత్వం తీసేయిస్తున్న రోజులవి. సర్వేయరు గట్టుమీద పటం పరిచాడు.

"మీ చెరువు సరిగ్గా గీతమీద పడిందండీ. లోపలున్నట్టే లెక్క."

నాన్న పటంమీదికి వంగి చూశారు. మూడో తరగతి చదువుతున్న నేను, "పెన్సిలు సన్నగా చెక్కి గీయండి అంకుల్, బయటికొచ్చేస్తుంది," అన్నాను.

"ఊరుకో తల్లీ. ఆయన్ని పని చేసుకోనీ," అన్నారు నాన్న.

మర్నాడు పొక్లెయిన్ గట్టు తెంచింది.

పటాల లెక్కలు తర్వాత సొంతంగా నేర్చుకున్నాను. ఆ పటంలో సెంటీమీటరంటే అర కిలోమీటరు. మిల్లీమీటరు మందం గీత నేలమీద యాభై మీటర్లు. మా చెరువు వెడల్పూ ఇంచుమించు అంతే.

పల్లంలో ఉండబట్టే చెరువు పోయిందని నాన్న మనసుకు సర్దిచెప్పుకున్నారు. ఈ లెక్క ఆయనకు చెప్పలేదు.